సెలవుల తర్వాత మొదటి వర్కౌట్‌కు ముందు

2011 జనవరిలో అమెరికాలోని అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మూడు వారాల సెలవుల నుంచి తిరిగొచ్చింది. ఒక్కొక్కరు ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సగం భుజాలపై పెట్టి, గడియారం చూస్తూ వంద స్క్వాట్లు (గుంజీల్లా కూర్చుని లేవడం) చేయించారు. కొద్దిరోజుల్లో 13 మంది ఆసుపత్రిలో చేరారు. కండరాలు చితికి, అందులోని ప్రొటీన్ రక్తంలో కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. వాళ్లకు జరిగింది ఇదే. దీన్నే రాబ్డో అంటారు. అదృష్టవశాత్తూ అందరూ కోలుకున్నారు.

అందుకే కోచ్‌లూ, ఆటగాళ్లూ ముందే చూసుకోవాల్సినవి:

- మొదటి వారం మామూలు వర్కౌట్‌లో సగమే. తర్వాత వారం వారం కొంచెం కొంచెం పెంచాలి. కొత్త కోచ్ వచ్చినా ఇదే లెక్క.
- కసరత్తును శిక్షగా వాడొద్దు. "పట్టుదల చూద్దాం" అనే పరీక్షలు మొదటి రోజు అసలే వద్దు.
- సికిల్ సెల్ ట్రెయిట్ (ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే జన్యువు ఒకటి పుట్టుకతో ఉండటం) ఎవరికుందో ట్రైనర్‌కు తెలిసుండాలి. వాళ్లు ఆగుతానంటే వెంటనే ఆగనివ్వాలి.
- జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లు ఆ రోజు దిగకూడదు.
- ఎండలో అయితే ఐస్ నీళ్ల తొట్టి ముందే నింపి ఉంచాలి. వడదెబ్బ తగిలితే ముందు అందులో చల్లబరచాలి, తర్వాతే అంబులెన్స్ ఎక్కించాలి.
- మర్నాడు మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, తొడలు వాచి మెట్లు దిగలేకపోయినా అది మామూలు ఒళ్లునొప్పి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి మాత్ర వేసుకుని పడుకోవద్దు, కొన్ని మాత్రలు కిడ్నీకి ఇంకా చేటు.