ఏడీసీ కిందే గ్రౌండ్లు కలపండి
అనలాగ్, డిజిటల్ గ్రౌండ్లు (కరెంట్ తిరిగొచ్చే రాగి పొరలు) విడగొట్టిన సర్క్యూట్ బోర్డులో ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్) ఒక్కటే ఉంటే, రెండింటినీ దాని కిందే ఒక్కచోట కలపండి. చిప్‌కున్న ఏజీఎన్‌డీ (అనలాగ్ గ్రౌండ్), డీజీఎన్‌డీ (డిజిటల్ గ్రౌండ్) పిన్నుల మధ్య తేడా 0.3 వోల్టు దాటకూడదని చాలా డేటాషీట్లలో ఉంటుంది. కలిపేచోట ఫెరైట్ బీడ్ (నాయిస్‌ను అడ్డుకునే చిన్న పార్టు) పెట్టొద్దు: హై ఫ్రీక్వెన్సీలో దాని ఇంపెడెన్స్ (కరెంట్‌కు అడ్డు) పెరిగి రెండు గ్రౌండ్లూ వేర్వేరుగా ఊగుతాయి. చిప్ వెడల్పంత రాగి వంతెన వదలండి, ఏడీసీతో డేటా మార్చుకునే ఎస్‌పీఐ లైన్లన్నీ దాని మీదుగానే పోవాలి. గ్రౌండ్ల మధ్య చీలిక మీదుగా వాటిని దాటిస్తే రిటర్న్ కరెంట్ (గ్రౌండ్‌లో వెనక్కొచ్చే సిగ్నల్ కరెంట్) చుట్టూ తిరిగొస్తుంది, నాయిస్ అక్కడే మొదలు. బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో నెట్ టై (రెండు గ్రౌండ్లను కావాలనే కలిపామని చెప్పే గుర్తు) పెట్టకపోతే డీఆర్‌సీ (డిజైన్ తప్పుల తనిఖీ) షార్ట్ అని గోల చేస్తుంది.

విశాఖలో బీచ్ రోడ్డు వైపు బిగించే బోర్డయితే, గ్రౌండ్లను కలిపే సోల్డర్ జంపర్ (టంకంతో కలిపే ప్యాడ్లు) ఉంటే దాని మీద కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా పూసే పలుచటి పొర) తప్పనిసరి, ఉప్పుగాలి ఊరుకోదు. కొత్త డిజైనయితే మాత్రం అసలు చీల్చకుండా ఒకే గ్రౌండ్ ప్లేన్ వేసి, అనలాగ్, డిజిటల్ పార్టులను విడివిడిగా పేర్చడమే మేలు.