చరిత్రలో కారణాలు రాయడం, 4వ పాఠం: టీ చవకైంది, మరి గొడవెందుకు?

పోయిన పాఠంలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి కారణాలు అయిదు వాక్యాల్లో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఒకే మాట: ఇంగ్లండ్ టీ మీద పన్ను పెంచింది, టీ ఖరీదైంది, జనం తిరగబడ్డారు. ఈసారి యుద్ధం నడక చెప్దామనుకున్నాను. కానీ ఈ ముడి విప్పకుండా ముందుకెళ్తే లాభం లేదు. చట్టాల పేర్లు వరసగా ఇచ్చి, ఏ చట్టంలో ఏముందో చెప్పకపోవడం నా పొరపాటే.

1773 నాటి టీ చట్టం పన్ను పెంచలేదు. పౌను బరువు టీకి 3 పెన్నీల పన్ను 1767 నుంచే ఉంది. ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో అమ్ముడుపోని టీ పేరుకుపోయింది, కంపెనీ అప్పుల్లో మునిగింది. దాన్ని గట్టెక్కించడానికి ఇంగ్లండులో కట్టే సుంకం వెనక్కిచ్చి, సరుకును నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చారు. దాంతో టీ రేటు తగ్గింది. (అది చైనా టీ. మన అస్సాం తోటలు అప్పటికి లేవు.) అయినా 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో నిరసనకారులు 342 టీ పెట్టెల్ని సముద్రంలో పడేశారు.

బెంగళూరు మారతహళ్లిలో మన పిల్లలుండే ఒక పీజీ అనుకోండి. నిరుడు ఓనరు ఎవర్నీ అడక్కుండా ఏదో రుసుం వేశాడు. గొడవైతే తీసేశాడు గానీ, అదే రోజు గోడకు కాగితం అంటించాడు: ‘ఎప్పుడైనా, ఏదైనా వేసే హక్కు నాది.’ ఈ ఏడు అద్దె 500 తగ్గించి, 50 రూపాయల గేటు రుసుం వేశాడు. కడితే నెలకు 450 మిగులుతాయి. కానీ గోడమీది కాగితానికి ఒప్పుకున్నట్టే. అమెరికాలోనూ ఇదే జరిగింది. కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం 1766లో రద్దయిన రోజే ఇంగ్లండు పార్లమెంటు డిక్లరేటరీ చట్టం చేసి, అమెరికాలోని తన కాలనీల (వలస రాజ్యాల) మీద ఏ విషయంలోనైనా చట్టం చేసే అధికారం తనదేనంది. ఆ పార్లమెంటుకి కాలనీల నుంచి సభ్యులే లేరు. చవక టీ కొంటే ఆ అధికారానికి తలూపినట్టే. పైగా అక్కడి టీ వ్యాపారుల పొట్ట కొట్టినట్టయింది. రేటు ఒక్కటే చూస్తే ఇదంతా కనపడదు.

నేనైతే రాసిన ప్రతి కారణాన్నీ వేలితో మూసి చూస్తాను. టీని మూయండి. 1765లో స్టాంపు కాగితాల మీద రేగిన గొడవ అలాగే ఉంటుంది. ఇప్పుడు ఫ్రాన్సుతో 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధాన్ని మూయండి. బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయ్యేది కాదు, కాలనీల నుంచి వసూళ్లకు అంత తొందరా ఉండేది కాదు. ఫ్రెంచివాళ్లు కెనడాలోనే ఉండేవాళ్లు, ఆ భయంతో కాలనీలకు ఇంగ్లండు సైన్యం అండ కావాల్సొచ్చేది. గొలుసంతా ఊడిపోతుంది. కాబట్టి ఇది మూలం, టీ నిప్పురవ్వ. రెండింటినీ ఒకే వరసలో రాయొద్దు.

ఇక యుద్ధం. టీ పారబోసినందుకు 1774లో శిక్షగా బోస్టన్ రేవు మూశారు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన, అది మీకు తెలిసిందే. పోరాటాలన్నీ బట్టీ పట్టకండి, నా నోట్సులో రెండే ఉన్నాయి. 1777లో సరటోగా, అక్కడ అమెరికన్ల గెలుపు ఫ్రాన్సును వాళ్ల పక్షాన బాహాటంగా బరిలోకి దింపింది. 1781లో యార్క్‌టౌన్, అక్కడ ఫ్రెంచి ఓడలు సముద్రం వైపు దారి మూసేస్తే ఇంగ్లండు సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. 1783లో పారిస్ సంధి.

అభ్యాసానికి ఓ ఆదివారం పొద్దున్నే కేఆర్ మార్కెట్‌లో దిగండి. పూల బుట్టలు దాటి కాస్త నడిస్తే అప్పట్లో టిప్పు చేతిలో ఉన్న పాత కోట. గోడలో ఒక పలక ఉంటుంది: 1791 మార్చి 21న బ్రిటిష్ సేన ఈ గండిలోంచే దాడి చేసిందని. ఆ సేనను నడిపింది ఆ కార్న్‌వాలిసే. అక్కడే నిలబడి ఆ రాత పూర్తిగా చదివి, ఇంటికొచ్చి పది వాక్యాలు రాయండి: యార్క్‌టౌన్‌లో ఓడినవాడు పదేళ్లు నిండకుండానే బెంగళూరు గోడ దగ్గరికి ఎందుకొచ్చాడు? ఫ్రాన్సుతో యుద్ధం వచ్చాక 1779లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల మాహే రేవు పట్టుకోవడం, 1780లో హైదర్ అలీ దండెత్తడం, 1789లో టిప్పు ఇంగ్లీషువాళ్ల మిత్రరాజ్యం తిరువాన్కూరు మీదికి వెళ్లడం, మూడూ అందులో రావాలి. ప్రతి వాక్యాన్నీ వేలితో మూసి చూసి, పక్కన పెన్సిలుతో ‘మూలం’ అనో ‘రవ్వ’ అనో రాసి పంపండి.