స్పెషల్ స్కూలు అయ్యాక ఉద్యోగం: పద్నాలుగేళ్లకే మొదలుపెట్టండి

మా తమ్ముడికి మేధో వైకల్యం. పద్దెనిమిది నిండగానే స్కూల్లో టీసీ చేతిలో పెట్టేశారు, ఆ తర్వాత దాదాపు రెండేళ్లు టీవీ ముందే గడిచిపోయాయి. అంతకుముందు తనే లేచి, స్నానం చేసి, టిఫిన్ బాక్స్ సర్దుకునేవాడు కాస్తా అమ్మ నాలుగుసార్లు పిలిస్తే గానీ లేవకుండా అయిపోయాడు. స్కూలు అయ్యాక చూద్దాంలే అనుకోవడమే మేం చేసిన తప్పు. మీ ఇంట్లో పిల్లలకి పద్నాలుగు, పదిహేనేళ్లు ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

కాగితాల సంగతి ముందే తేల్చేయండి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పేది), యూడీఐడీ కార్డు (వికలాంగులకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు), ఆధార్ మూడింట్లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి, ఒక్క అక్షరం తేడాకి మేం నెల తిరిగాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది గానీ, అందులో ఒక్క శాతమే మేధో వైకల్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం లాంటివాళ్లందరికీ కలిపి, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి. పద్దెనిమిది దాటాక చట్టపరంగా సంరక్షకులు కావాలంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. అది అందరికీ అక్కర్లేదు, తన డబ్బు తను చూసుకోగలిగితే ఊరికే పెట్టించకండి.

ఇక అసలు పని, బస్సులో ఒంటరిగా వెళ్లడం నేర్పడం. పని ఎంత బాగా చేయగలిగినా ఒంటరిగా వెళ్లి రాలేకపోతే ఉద్యోగం నిలవదు, ఎందుకంటే రోజూ దింపి తీసుకురావడానికి ఇంట్లో ఎవరికీ తీరదు. మొదట పక్కనే కూర్చున్నాను, తర్వాత అదే బస్సులో వెనక సీట్లో, ఆ తర్వాత నాన్న బండి మీద బస్సు వెనకాలే. దిగాల్సిన స్టాప్‌కి ముందు ఏ బోర్డు కనిపిస్తుందో ఫోటో తీసి ఫోన్‌లో పెట్టాం. ఒకసారి కావాలనే స్టాప్ దాటిపోనిచ్చి, అక్కడినుంచి ఫోన్ ఎలా చేయాలో, ఎవర్ని అడగాలో నేర్పాం. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు గానీ, అన్నిటికంటే అదే పనికొచ్చింది.

పని ఎంచుకునేటప్పుడు, చెప్పకుండానే ఏం చేస్తాడో వారం రోజులు రాసుకోండి. మావాడు గుమ్మం దగ్గర చెప్పులన్నీ జతలు జతలుగా పెడతాడు. అందుకే సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దే పని చూశాం. ఏం చేయగలరో అంచనా వేయించాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ.

ఓనర్‌ని బతిమాలకండి, జాలితో ఇచ్చిన పని నెల దాటదు. "రెండు వారాలు నేనూ వచ్చి పక్కన ఉంటాను, నచ్చకపోతే చెప్పండి" అని అడగండి. అక్కడివాళ్లకి ఒక్కటే నేర్పాను: "అక్కడ సర్దెయ్" అంటే వాడికి అర్థం కాదు, "ఈ అట్టపెట్టెలో సబ్బులన్నీ ఈ అరలో పెట్టు" అంటే గంటలో అయిపోతుంది. కోప్పడని మనిషిని ఒకర్ని చూసుకుని, ఏదైనా అయితే ఆయన్నే అడగమని వాడికి చెప్పండి. జీతం ఎంత, ఏ తారీఖున అనేది మొదటిరోజే మాట్లాడుకోండి. ఇంకా నేర్చుకుంటున్నాడు కదా అని మొదటి షాపతను నాలుగు నెలలు పైసా ఇవ్వలేదు, మేమూ మొహమాటపడి అడగలేదు.

మావాడు ఇప్పుడు పనిచేస్తున్న చోట ఆదివారం సెలవు. ఆ రోజు కూడా ఎనిమిదింటికల్లా తయారై గుమ్మంలో కూర్చునేవాడు, సెలవంటే ఏంటో నేర్పడం మేమే మర్చిపోయాం. క్యాలెండర్‌లో ఆదివారాలకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాక మూడోవారానికి కుదిరింది.