రోబో గొంతు, అతిథి గొంతు: డాఫ్ట్ పంక్ తరహా పాట ఇంట్లోనే చేయడం ఎలా?

"అన్నా, ఇందులో రోబో వాయిస్ పెట్టు, డాఫ్ట్ పంక్‌లా ఉండాలి" అంటూ నెలకి మూడు ఫైళ్లన్నా వస్తాయి నాకు. డాఫ్ట్ పంక్ అంటే హెల్మెట్లు పెట్టుకుని రోబోల్లా కనిపించిన ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట. తెరిచి వింటే ప్రతిసారీ ఒకటే వంటకం. పాడినవాడి గొంతుకి ఆటోట్యూన్ దట్టించి, దానిమీద రివర్బ్ (పెద్ద గదిలో మార్మోగినట్టు చేసే ఎఫెక్ట్) బకెట్‌తో కుమ్మరించి ఉంటుంది. ఒక్క మాట అర్థం కాదు. పైగా బతిమాలి అతిథిగా పిలుచుకొచ్చి పాడించిన అమ్మాయి గొంతుకీ అదే పూత. ఇద్దరిలో మనిషెవరో మరెవరో తేలదు. ఈ పాటల మిక్సింగ్ పని నేను పదేళ్లుగా చేస్తున్నాను, చెడగొట్టుకోవాల్సినన్ని సార్లు చెడగొట్టుకున్నాను కూడా. కాబట్టి చెప్పినట్టు చేయండి.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం

మూడు వేర్వేరు సంగతుల్ని మనవాళ్లు కలిపి "ఆటోట్యూన్" అనేస్తారు. ఆటోట్యూన్ 1997లో వచ్చింది. పాడిన శ్రుతి అటూ ఇటూ పోతే దగ్గర్లోని స్వరానికి లాగుతుంది, మరీ గట్టిగా లాగితే గొంతు మెట్లు మెట్లుగా విరుగుతుంది. 2000లో వచ్చిన 'వన్ మోర్ టైమ్'లో అమెరికన్ గాయకుడు రోమాంథొనీ గొంతుకి డాఫ్ట్ పంక్ వాడింది ఇదే. టాక్‌బాక్స్ ఇంకోటి. వాయిద్యం శబ్దం ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి నోట్లోకి వస్తుంది, నోరు కదిపి దానికి మాట ఆకారం ఇస్తే మైకు పట్టుకుంటుంది. చొంగ కారుతుంది, వదిలేయండి. మూడోది వోకోడర్. 1930ల్లో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ టెలిఫోన్ మాటల్ని తక్కువ జాగాలో పంపడానికి కనిపెట్టిన యంత్రం అది. పాటలోకి ఎంతో తర్వాత వచ్చింది. మనకి కావలసింది ఇదే.

వోకోడర్ చేసేది చిన్న మోసం. మీ మాటని బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దం దాకా కొన్ని పట్టీలుగా కోస్తుంది. ఏ క్షణాన ఏ పట్టీలో ఎంత బలం ఉందో కొలిచి, సింథ్ (కీబోర్డుతో వాయించే ఎలక్ట్రానిక్ వాయిద్యం) శబ్దంలో అదే పట్టీని అంతే తెరుస్తుంది. అంటే నోరు మీది, కంఠం సింథ్‌ది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే కింద చెప్పబోయే తిప్పలన్నీ ఎందుకో మీకే తెలుస్తుంది. మీరెంత బాగా పాడారన్నది దానికి అక్కర్లేదు. గమకాలన్నీ వృథా. శ్రుతి కీబోర్డు మీది వేళ్లే ఇస్తాయి.

ఆటోట్యూన్‌నే గట్టిగా లాగితే సరిపోతుంది కదా అని అడుగుతారు. సరిపోదు. అది పాడేవాడి శ్రుతిని సరిచేస్తుంది, కంఠం మాత్రం ఆ మనిషిదే. వోకోడర్‌లో ఒక్క నోటితో మూడు స్వరాలు ఒకేసారి మోగే కార్డ్ పలుకుతుంది. శ్రుతి రానివాడు కూడా ముగ్గురి బృందగానం పాడొచ్చు. నేనే సాక్ష్యం.

మొదటి మెట్టు: అతిథికి ఏ పని?

యంత్రం ఆన్ చేయకముందే ఇది తేలాలి. డాఫ్ట్ పంక్ అంటే ఇద్దరే: తోమా బంగాల్తేర్, గీ-మాన్యుయెల్ ద ఓమెమ్-క్రిస్తో. 1993లో పారిస్‌లో మొదలుపెట్టి, 2021 ఫిబ్రవరి 22న చాలించారు. వాళ్ల 2013 ఆల్బమ్ 'రాండమ్ యాక్సెస్ మెమొరీస్' ముందేసుకుని కూర్చోండి. అతిథి గొంతుని ఎన్ని రకాలుగా కూర్చోబెట్టొచ్చో దానికన్నా మంచి పాఠం లేదు.

'గెట్ లక్కీ'లో అమెరికన్ గాయకుడు ఫారెల్ విలియమ్స్ మామూలు మనిషిలాగే పాడతాడు, గొంతు మీద మాయలేమీ లేవు. మధ్యలో వాయిద్యాలు పలచబడ్డాక రోబోలు అందుకుంటాయి. 'డూయిన్ ఇట్ రైట్'లో రోబోలు ఒకే మాటని రాట్నంలా తిప్పుతూ ఉంటాయి, పాండా బేర్ అనే గాయకుడి గొంతు దానిమీద పొరలు పొరలుగా తేలుతుంది. 'ఇన్‌స్టంట్ క్రష్'లో గాయకుడు జూలియన్ కాసాబ్లాంకాస్ గొంతునే వోకోడర్‌లోకి పంపారు, కానీ అక్కడ దాదాపు పాటంతా ఆ రంగే. సగంలో మనసు మార్చుకోలేదు. అతిథిని మామూలుగానే వదిలేయాలి, లేదా అతిథికి జవాబివ్వాలి, లేదా అతిథినే పూర్తిగా రోబో చేయాలి. మూడింట్లో ఒకటి ఎంచుకోండి. మన కుర్రాళ్లు ఒకే పాటలో మూడూ చేస్తారు.

మొదటిసారి చేసేవాళ్లకి నేను రెండోదే ఇస్తాను: అతిథి పాడాలి, రోబో బదులివ్వాలి.

రెండో మెట్టు: సామాను

కంప్యూటర్, ఒక మైకు, హెడ్‌ఫోన్స్, చిన్న మిడి కీబోర్డు (కంప్యూటర్‌లోని వాయిద్యాల్ని వాయించడానికి). వోకోడర్‌కి డబ్బు పెట్టకండి. టాల్ వోకోడర్ ఉచితం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌గా ఎఫ్ఎల్ స్టూడియో వాడేవాళ్లకి వోకోడెక్స్ ఉంది, రీపర్‌లో రియావోకోడ్ ఉంది. మైకు గురించి బెంగ వద్దు. ఇటాలియన్ సంగీత నిర్మాత జార్జియో మొరోడర్ తన కథ చెప్పే పాట కోసం డాఫ్ట్ పంక్ వేర్వేరు దశాబ్దాల మైకులు ఆయన ముందు పెట్టారు, నిజమే. మీకున్నది ఒక్కటే. దాంతోనే కానిద్దాం.

మూడో మెట్టు: అతిథి గొంతు ముందు

రోబో కన్నా ముందు అతిథిని రికార్డు చేయండి. శ్రుతి ఆమెకి సుఖంగా ఉన్నచోట పెట్టండి, ట్రాక్ ముందే చేసేశాం కదా అని ఆమెని అందుకోమనకండి. టెంపో నిమిషానికి 116 దరువుల దగ్గర పెట్టుకోండి, 'గెట్ లక్కీ' అక్కడే ఉంటుంది. 128 పెడతామంటారు. వద్దు. వోకోడర్‌కి హల్లు పలికే తీరిక కావాలి.

నాలుగో మెట్టు: సింథ్

సింథ్‌లో సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) ఎంచుకోండి. మూడు స్వరాల కార్డ్. మాట మాటకీ వేళ్లు ఎత్తకుండా, కార్డ్ మారేదాకా నొక్కి ఉంచండి. పట్టీలు 16. ఎనిమిదైతే మాట పోతుంది, నలభై అయితే రోబో పోయి మామూలు మనిషి జలుబుతో పాడినట్టుంటుంది. పదహారే. పదకొండే ఉన్న టాల్ వోకోడర్‌తో ఎలా అంటే, దానికి కింది మెట్టు ఇంకాస్త శ్రద్ధగా చేయాలి.

ఐదో మెట్టు: హల్లులు. ఇక్కడే అందరూ బోల్తా పడేది

ఇక నెమ్మదిగా చదవండి. ఒక వాక్యం తీసుకుందాం, నేను పరీక్షకి వాడేది: "సీసాలో చుక్కల్ని పట్టేశా". మామూలుగా పాడి వోకోడర్‌లోకి పంపితే బయటికొచ్చేది దాదాపు ఇలా ఉంటుంది: "ఈఆలో ఉకల్ని పటేఆ". అచ్చులన్నీ బతికాయి, స, చ, శ గాలికి పోయాయి, ద్విత్వాలు కరిగిపోయాయి.

తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, అది వోకోడర్‌కి పండగ. దాంతో మొదటి పది సెకన్లు బ్రహ్మాండంగా వినిపించి మోసపోతాం. చావొచ్చేది హల్లుల దగ్గర. స, శ లాంటివి గాలి శబ్దాలు, వాటి బలం చాలావరకు కొన్ని వేల హెర్ట్జ్ పైనే. సింథ్ శబ్దంలో అంత పైన పెద్దగా ఏమీ ఉండదు. మీ నోరు ఆ తలుపు తెరిచినా లోపలినుంచి రావడానికి ఎవరూ లేరన్నమాట. ద్విత్వాల సంగతి వేరు. "పట్టు" అనేటప్పుడు ట్ట దగ్గర నోరు క్షణంపాటు పూర్తిగా మూసుకుంటుంది. ఆ నిశ్శబ్దమే ద్విత్వం. వోకోడర్ తలుపులు నెమ్మదిగా మూసుకుంటే ఆ ఖాళీ నిండిపోయి "పటు" అవుతుంది.

మందు నాలుగు చోట్ల వేయాలి. ఒక్కటి వేసి ఊరుకుంటే పని కాదు.

మొదటిది నోటిలో. పాడకండి, పలకండి. చెవులు మందగించిన తాతగారికి ఫోన్‌లో అడ్రస్ చెబుతున్నట్టు ప్రతి హల్లునీ కొట్టి చెప్పాలి. మైకుకి బెత్తెడు దూరం. మామూలుగా వింటే ఎబ్బెట్టుగా, చిన్నపిల్లల పద్యపఠనంలా ఉండాలి. సిగ్గుపడి మెత్తగా గొణిగితే ఆ తర్వాత ఏ బటనూ కాపాడదు. స, శ తేడా కూడా ఇప్పుడే పలకాలి, తర్వాత పుట్టదు. గది తలుపు వేసుకోండి, ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

రెండోది గాలి. ఫ్యాన్ ఆపండి. ఎండాకాలమైనా సరే ఆపండి. ఫ్యాన్ హోరులో అన్ని పట్టీల బలమూ కాస్త కాస్త ఉంటుంది, దాంతో అన్ని తలుపులూ ఓరగా తెరుచుకుని మాటల మధ్య సింథ్ ఊళ పెడుతుంది. ఒకసారి నేను నాయిస్ గేట్ (మాట లేనప్పుడు చిన్న చప్పుళ్లని ఆపేసే సాధనం) పెట్టడం మర్చిపోయి రికార్డు చేస్తుంటే వంటింట్లో కుక్కర్ కూసింది. వెనక్కి తిప్పి వింటే కుక్కర్ శుభ్రంగా సి మైనర్‌లో పాడింది, నాకన్నా స్పష్టంగా. నవ్వుకోడానికి బాగుంది గానీ ఆ టేక్ పోయింది. నాయిస్ గేట్ పెట్టండి, ఆ తర్వాత కంప్రెసర్‌తో మాటల హెచ్చుతగ్గులు సమం చేయండి, ఆ తర్వాతే వోకోడర్. ఈ వరస తిరగేయొద్దు. రివర్బ్ మాత్రం వోకోడర్‌కి ముందు పొరపాటున కూడా వద్దు. కావాలంటే అన్నీ అయ్యాక, అదీ చిటికెడు.

మూడోది తలుపుల వేగం. వోకోడర్‌లో అటాక్ (తలుపు తెరుచుకునే సమయం), రిలీజ్ (మూసుకునే సమయం) అని రెండు బటన్లుంటాయి. అటాక్ ఎంత తగ్గితే అంత మంచిది. రిలీజ్ 30 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, "చుక్క", "పట్టు" అని పలుకుతూ వినండి. కరకరమని చిట్లుతుంటే కాస్త పెంచండి, ద్విత్వం కరగడం మొదలవగానే ఆపి ఒక అడుగు వెనక్కి రండి. ఇంగ్లిష్ వీడియోల్లో వంద, నూటయాభై పెట్టుకోమంటారు. వాళ్లకి "అక్క"కీ "అక"కీ తేడా చూపాల్సిన అవసరం లేదు. మనకుంది.

నాలుగోది, అసలుది. సింథ్‌కి పైన లేని గాలిని మనమే పోయాలి. కొన్ని వోకోడర్లలో దీనికి ఒక బటన్ ఉంటుంది, సింథ్‌లోనే కొంచెం నాయిస్ కలిపేవాళ్లూ ఉన్నారు. రెండూ పనిచేస్తాయి, కానీ స బదులు ఆవిరి వదిలినట్టుంటుంది. నా పద్ధతి ఇది: మీ అసలు రికార్డింగ్‌ని ఇంకో ట్రాక్‌లోకి కాపీ చేయండి. అందులో ఐదు వేల హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఈక్యూతో (ఏ పట్టీ ఎంత వినిపించాలో సరిచేసే సాధనం) కోసేయండి. మిగిలింది వింటే "స్‌స్... చ్... శ్" అని పాము బుసలా ఉంటుంది, గొంతు ఎవరిదో కూడా తెలియదు. ఆ ట్రాక్ శబ్దాన్ని సున్నా నుంచి మెల్లగా పైకి తెస్తూ రోబోతో కలిపి వినండి. ఒకచోట ఉన్నట్టుండి "సీసా" అన్నమాట లేచి నిలబడుతుంది. అక్కడ ఆగి, ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించండి. ఎక్కువైతే రోబో వెనకాల ఎవరో దాక్కుని గుసగుసలాడినట్టుంటుంది.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. కొన్ని వోకోడర్లు శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదులుతాయి. అప్పుడు బుస ముందూ అచ్చు వెనకా అయి "స్...ఈ" అని రెండుగా వినిపిస్తుంది. రోబో ట్రాక్‌ని ఆడియోగా మార్చి, రెండు తరంగాల్నీ పెద్దవి చేసి పక్కపక్కన చూడండి. జరగాల్సినంత జరపండి. గంట పట్టినా పర్వాలేదు.

ఆరో మెట్టు: ఇద్దర్నీ కూర్చోబెట్టడం

అతిథి నడిమధ్యన. రోబోని రెండుసార్లు విడివిడిగా రికార్డు చేసి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. అతిథి పాడే స్వరాల కన్నా రోబో కార్డ్ ఒక స్థాయి (ఆక్టేవ్) కింద. ఆమె పాడుతున్నప్పుడు రోబోలో రెండు నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య మూడు డెసిబెల్స్ కోయండి, ఆమె మాట అక్కడే ఉంటుంది. ఆఖరి పల్లవి దాకా ఇద్దరూ ఒకే మాట ఒకేసారి అనకూడదు. ఆఖర్లో కలిస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఆమె గొంతు మీద ఏమీ వేయకండి. పక్కన మనిషి ఉంటేనే రోబో రోబోలా వినిపిస్తుంది. 2014 జనవరిలో గ్రామీ వేదిక మీద ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ బహుమతి అందుకున్నప్పుడు కూడా హెల్మెట్లు పెట్టుకున్న ఆ ఇద్దరూ నోరు మెదపలేదు. మైకు ముందుకొచ్చి మాట్లాడింది వాళ్ల అతిథి, 'టచ్' పాడిన పాల్ విలియమ్స్. మనవాళ్లేమో అతిథి పేరు పోస్టర్ మీద పెద్దక్షరాల్లో వేస్తారు, పాటలో మాత్రం ఆమె గొంతుని యంత్రం కింద పూడ్చేస్తారు. ఒకావిడైతే విడుదలయ్యాక నాకు ఫోన్ చేసి "ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగింది. ఆ మిక్స్ నాది కాదు, అయినా నీళ్లు నమిలాను.

ఏడో మెట్టు: పరీక్ష

మీరు వినొద్దు. వందసార్లు విన్న చెవికి అన్నీ అర్థమవుతాయి. సాహిత్యం చూడనివాళ్లని ఒకరిని పట్టుకోండి, అమ్మ అయితే మరీ మంచిది, మొహమాటపడదు. హెడ్‌ఫోన్స్ కాదు, మామూలు ఫోన్ స్పీకర్‌లో ఒక్కసారే వినిపించండి. కాగితం ఇచ్చి రోబో ఏమందో రాయమనండి. "సీసాలో చుక్కల్ని పట్టేశా" అని రాస్తే ఫైల్ ఎగుమతి చేసేయండి. "ఈసారి చుట్టాల్ని పంపేశా" అని రాసిందనుకోండి, ఫ్యాన్ మళ్లీ ఆపి ఐదో మెట్టుకి రండి.