లారీ అడుగు భాగం – 4వ పాఠం: మారే లోడుకు, మట్టి దారికి వెనక కమాన్ కట్టలు ఎంచుకోవడం

గత పాఠంలో కాటా మీద వెనక చక్రాలు మాత్రమే నిలిపి, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి బరువు తీయడం నేర్చుకున్నాం. ఆ చీటీలు దగ్గర పెట్టుకోండి. వాటిలోంచి హౌసింగ్ (వెనక ఇరుసు గొట్టం), చక్రాలు, బ్రేకు డ్రమ్ముల బరువు తీసేస్తే మిగిలేదే కమాన్ కట్టల (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగుల) మీద పడే బరువు. ఈ పాఠంలో ఆ అంకెతోనే పని.

ఉదాహరణకు ఒక పికప్ తీసుకుందాం. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 3,000 మి.మీ. ఒకరోజు పల్నాడు నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) తెస్తుంది, మర్నాడు కాలవ గట్టు మీదికి కంకర తోలుతుంది, తిరుగు దారిలో ఖాళీ. ఖాళీగా ఉన్నప్పుడు వెనక కట్టల మీద 450 కిలోలు. తొట్టిలో 1,200 కిలోలు వేశారు, ఆ లోడు నడిమధ్య వెనక ఇరుసుకు 250 మి.మీ. ముందు ఉంది. అంటే లోడులో 3,000కి 2,750 వంతు, 1,100 కిలోలు వెనక్కే వస్తాయి. ముందుకు పోయేది 100 కిలోలే. అదే లోడును వెనక డోరు వైపు జరిపి ఇరుసు దాటిస్తే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు తేలికవుతుంది. ఆ తప్పును ఏ కట్టా సరిచేయలేదు.

ఇప్పుడున్న కట్ట గట్టితనం కొలవడం

సమంగా ఉన్న గచ్చు మీద బండి ఆపండి. హబ్ నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు నలిగింది కూడా లెక్కలో కలిసిపోతుంది. ఇరుసుకు సరిగ్గా పైన పది సిమెంటు బస్తాలు, అంటే 500 కిలోలు పేర్చి మళ్లీ కొలవండి. 22 మి.మీ. దిగితే 500ని 22తో భాగించండి: రెండు కట్టలూ కలిసి మిల్లీమీటరుకు దాదాపు 23 కిలోలు.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. పట్టీల మధ్య రాపిడి ఉంటుంది కనుక లోడు ఎక్కిస్తుంటే కట్ట తక్కువ దిగుతుంది, దించుతుంటే పూర్తిగా పైకి రాదు. మరో ఐదు బస్తాలు ఎక్కించి, అవి దించేశాక అదే 500 కిలోల దగ్గర ఇంకోసారి కొలవండి. రెండు కొలతల సగటు తీసుకోండి. తుప్పు పట్టిన కట్టల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

ఒకే కట్టా, రెండు అంచెలా?

లోడు వేసిన రోజు వెనక కూర్చుందని పట్టీ ఎక్కించడం మనవాళ్లకు అలవాటు. లోడు నిలబడుతుంది, నిజమే. ఖాళీ బండి సంగతి చూడండి. మిల్లీమీటరుకు 23 కిలోల కట్ట మీద 450 కిలోలు ఉంటే దిగేది 20 మి.మీ. కూడా కాదు. ఆ లెక్కన బండి సెకనుకు మూడున్నర సార్లు ఊగుతుంది. వాష్‌బోర్డులా అలలు పడ్డ మట్టి రోడ్డు మీద చక్రం నేలను వదిలి వదిలి తగులుతుంది. వదిలిన క్షణంలో బ్రేకూ పట్టదు, ఇంజను లాగుడూ పనిచేయదు. గతుకుల మూల మీద వెనక భాగం పక్కకు జరిగేది అందుకే.

ఇప్పుడు మెత్తటి మెయిన్ కట్ట (జతకు మిల్లీమీటరుకు 15 కిలోలు), దాని మీద లోడు పడ్డాకే పనిచేసే హెల్పర్ కట్ట (జతకు మిల్లీమీటరుకు 20 కిలోలు) వేసి చూద్దాం. ఖాళీలో హెల్పర్ చివరలకూ చాసిస్ మీది ప్యాడ్లకూ మధ్య 33 మి.మీ. సందు ఉంచుతాం. మొదటి 500 కిలోలు మెయిన్ కట్టే మోసి 33 మి.మీ. దిగుతుంది. అక్కడ హెల్పర్ ప్యాడుకు తగులుతుంది. ఇక రెండూ కలిసి 35 కనుక మిగిలిన 600 కిలోలకు మరో 17 మి.మీ. మొత్తం 50. పాత గట్టి కట్ట అదే లోడుకు 48 మి.మీ. దిగేది. లోడు ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే, ఖాళీ బండి మాత్రం సెకనుకు మూడుకు లోపే ఊగుతుంది. లోడు రోజూ మారే బండికి మేము చెప్పేది ఇదే, మొహమాటం లేకుండా: రెండు అంచెల కట్ట. ఏడాది పొడుగునా ఒకే బరువు తోలేవాళ్లకు దీని అవసరం లేదు.

ఆ సందే అసలు కీలకం. 10 మి.మీ. పెడితే ఖాళీలోనే గుంట పడ్డప్పుడల్లా హెల్పర్ టకటక కొడుతుంది. 60 పెడితే మన లెక్కలో హెల్పర్‌కు 900 కిలోల దాకా పనే ఉండదు, మెయిన్ పట్టీలు అలసిపోతాయి. ప్యాడు మీద మెరుస్తున్న రాపిడి గుర్తు చూసి హెల్పర్ తగులుతోందో లేదో చెప్పొచ్చు. ఏళ్లు తిరిగిన బండిలో ఆ ప్యాడు మీద దుమ్ము గట్టిపడి ఉంటే సందు ఎక్కువైందన్నమాట.

మిర్చికి ఇంకో చిక్కుంది. బరువు తక్కువైనా టిక్కీలు ఎత్తుగా పేరుస్తారు. కంకర తొట్టి అడుగునే ఉంటుంది. ఎత్తు లోడు మూల తిరిగేటప్పుడు ఒక పక్కకు వాలి ఆ వైపు హెల్పర్‌ను ముందుగా తాకిస్తుంది. అది మంచిదే, వాలుడును ఆపుతుంది. అందుకే కుడి ఎడమ సందుల మధ్య తేడా 3 మి.మీ. దాటనివ్వకండి.

పట్టీ మందం

వెడల్పు, పొడవు మారకుండా పట్టీ 8 మి.మీ. నుంచి 10కి వెళితే గట్టితనం దాదాపు రెట్టింపు. మందాన్ని మూడుసార్లు వేసి గుణించి (మందం × మందం × మందం) లెక్కేయాలి మరి. అయితే పలచటి పట్టీల మధ్య ఒక్క మందపు పట్టీ దూర్చితే ముందు విరిగేది అదే. అన్నీ కలిసి ఒకేలా వంగుతాయి. ఒకే వంపుకు 10 మి.మీ. పట్టీ మీద పడే ఒత్తిడి 8 మి.మీ. పట్టీ కంటే నాలుగో వంతు ఎక్కువ. వేయాల్సి వస్తే అదే మందం, అదే వెడల్పు పట్టీ, వంపు పాత కట్టకు సరిపోయేలా చూసి వేయండి. వంపు ఎక్కువున్న కొత్త పట్టీ, యూ బోల్టులు (కట్టను ఇరుసుకు పట్టి ఉంచేవి) బిగించగానే, లోడు వేయకముందే సగం ఒత్తిడి మీద ఉంటుంది.

పారాబోలిక్ కట్టలో పట్టీలు రెండో మూడో, నడుమ మందంగా, చివరకు పలచగా, మధ్యలో ఖాళీతో ఉంటాయి. రాపిడి తక్కువ కనుక చిన్న గతుక్కీ స్పందిస్తుంది. కానీ ఆ రాపిడి చేసే ఆపుదల పని షాక్ అబ్జార్బర్ మీద పడుతుంది. అరిగిన షాకులతో పారాబోలిక్ నడపకూడదు. క్వారీ దారిలో ఒక పట్టీ విరిగితే మిగిలింది ఒకటో రెండో అని కూడా గుర్తుంచుకోండి.

గాలి బెల్లోలు ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య పెట్టుకోవచ్చు. లోడును బట్టి గాలి మార్చుకునే వీలు వాటి గొప్పతనం, తారు రోడ్డు మీద హాయి. చక్రం గుంటలోకి బాగా జారే దారిలో మాత్రం బెల్లో సాగి ఊడొచ్చు, బురదలోని రాయి రుద్దితే కోసుకుపోతుంది. బెల్లో మోసే బరువంతా చాసిస్ మీద ఒక్క చోట పడుతుంది.

మట్టి దారికి మెత్తదనం ఎందుకు

ఎడమ వెనక చక్రం గట్టు ఎక్కుతుంటే కుడిది గుంటలో దిగాలి. కట్ట గట్టిదైతే దిగదు, గాల్లో వేలాడుతుంది. డిఫరెన్షియల్‌కు (ఇంజను లాగుడును రెండు వెనక చక్రాలకూ పంచే గేర్లకు) లాక్ లేకపోతే ఆ గాల్లో చక్రమే గిరగిరా తిరుగుతుంది, నల్లరేగడిలో బండి అక్కడే ఆగిపోతుంది. పది చక్రాల టిప్పర్లలో చాలావాటికి దీనికోసమే బోగీ ఉంటుంది. తలకిందులు కట్ట నడుమ ట్రనియన్ (ఊగడానికి ఆధారమైన పిన్ను) మీద ఊగుతూ రెండు ఇరుసులకూ బరువు పంచుతుంది, టార్క్ రాడ్లు ఇరుసులను ముందూ వెనకా జరగనివ్వవు. ఆ రాడ్ల బుష్షులు పోతే టైర్లు ఏటవాలుగా అరుగుతాయి. ముందు అవి చూడండి.

ఎత్తు కోసం కట్ట కింద దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చడం వద్దు. యాక్సిలరేటర్ తొక్కగానే హౌసింగ్ మెలితిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి జాయింట్లు పోతాయి.

కట్ట మార్చాక మరిచిపోయేవి

వెనక ఎత్తును చూసి బ్రేకు ఒత్తిడి మార్చే లోడ్ సెన్సింగ్ వాల్వ్ మీ బండిలో ఉంటే, గట్టి కట్ట వేయగానే అది మోసపోతుంది. లోడున్నా వెనక తక్కువ దిగడంతో ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ వాల్వ్ లింకును తయారీదారు కొలతకు మళ్లీ సరిచేయించకుండా లోడు వేయకండి.

బంప్ స్టాపుకు (కట్ట మరీ దిగితే ఇరుసును ఆపే రబ్బరు దిమ్మకు) పూర్తి లోడులో కనీసం 50 మి.మీ. ఖాళీ మిగలాలి. మన బండి 50 దిగుతుంది కనుక ఖాళీలో 100 ఉండాలి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పట్టీ వేసినంత మాత్రాన బండి మోసే హక్కు పెరగదు. 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 నుంచి 11.5 టన్నులకు, జంట ఇరుసులకు 19 నుంచి 21 టన్నులకు పరిమితి పెంచింది. అదీ ఆర్‌సీలో రాసిన బరువుకు లోబడే. టైరు, బేరింగు, బ్రేకు పాతవే ఉన్నాయి కదా.

వచ్చే పాఠానికి పని

మీ బండికి ఐదు కొలతలు రాసి తీసుకురండి: ఖాళీలో హబ్ నుంచి మడ్‌గార్డు ఎత్తు రెండు వైపులా, 500 కిలోలకు దిగిన సగటు, హెల్పర్ సందు, బంప్ స్టాప్ సందు, ఒక్కో పట్టీ మందం. సెంటర్ బోల్టు దగ్గర తుప్పు గీత ఏమైనా ఉందేమో టార్చి వేసి చూడండి. యూ బోల్టు వదులైతే మెయిన్ పట్టీ సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే విరుగుతుంది. 5వ పాఠంలో యూ బోల్టుల బిగింపుతో మొదలుపెడదాం.