ఆఫీస్ కంప్యూటర్ అసెంబుల్ చేయించే ముందు జాగ్రత్తలు

మార్చి 31 దగ్గర పడుతోంది. మిర్యాలగూడ మిల్లుల్లో, నల్లగొండ షాపుల్లో లెక్కలు ముగించాలని కొత్త కంప్యూటర్ తీసుకునేవాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ విడిభాగాల మార్కెట్) బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– లెక్కలన్నీ ఒకే డ్రైవ్‌లో పెట్టకండి. హార్డ్ డిస్క్ పోయేముందు చాలాసార్లు శబ్దం చేస్తుంది, నెమ్మదిస్తుంది. ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే వేగమైన డ్రైవ్) ఏ సూచనా లేకుండా ఆగిపోవచ్చు, డేటా తిరిగి రావడం కష్టం. మా ఆఫీసులో ఏడాది బిల్లులు అలాగే పోయాయి. రెండు వారాలు కాగితాలు ముందేసుకుని మళ్లీ ఎక్కించాం, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. విండోస్‌కు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, బ్యాకప్‌కు బయట తగిలించే 1 టీబీ హార్డ్ డిస్క్ తీసుకోండి. బ్యాకప్ అయ్యాక దాన్ని తీసి బీరువాలో పెట్టండి.

– ప్రాసెసర్‌కు, మదర్‌బోర్డుకు సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కలవాలి. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1700 సాకెట్. ఏఎండీ కంపెనీ రైజెన్ 5000కు ఏఎం4, 7000కు ఏఎం5. ఏఎం5లో డీడీఆర్5 ర్యామే పడుతుంది, పాత ర్యామ్ పనికిరాదు.

– ఇంటెల్ ప్రాసెసర్ నంబర్ చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. కాస్త తక్కువకే వస్తుంది కానీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మానిటర్‌లో ఏమీ కనిపించదు.

– ఎం.2 (మదర్‌బోర్డుకే నేరుగా తగిలించే చిన్న ఎస్‌ఎస్‌డీ) అన్నంత మాత్రాన వేగమైన ఎన్‌వీఎంఈ రకం కాదు. అందులోనే సాటా రకం సెకనుకు 550 ఎంబీ దగ్గరే ఆగుతుంది.

– సెకండ్ హ్యాండ్ అయితే ఇంటెల్ 8వ తరం కంటే పాతది వద్దు, విండోస్ 11తో ఇబ్బంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

– బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. వారంటీ కోసం మళ్లీ అంత దూరం తిరగాల్సింది మీరే.