ఊపిరితో కదిలే వీఆర్: ఎర్రమట్టి దిబ్బలతో మొదలుపెట్టండి

వీఆర్‌లో, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కంప్యూటర్ లోకంలో, ప్రకృతిని చూపించాలనుకుంటే ముందు చేతిలోని కంట్రోలర్లు పక్కన పెట్టించండి. బటన్ నొక్కుతూ వెళ్లే మనిషి అడవిలో ఉన్నా గేమ్ ఆడుతున్నట్టే తిరుగుతాడు. తనకొక ఒళ్లుందన్న సంగతి గుర్తుండదు. కెనడా కళాకారిణి షార్ డేవిస్ 1995లోనే ‘ఓస్మోస్’ అనే తన వీఆర్ కళాకృతిలో దీనికి దారి చూపించారు. అందులో ఊపిరి పీలిస్తే పైకి తేలతాం, వదిలితే కిందికి దిగుతాం, ఒళ్లు ఎటు వంచితే అటు కదులుతాం. ఆమెకు ఆ ఆలోచన స్కూబా డైవింగ్ నుంచి వచ్చింది. రుషికొండ దగ్గర నీళ్లలోకి దిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

నేను భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్ని ఇలాగే తయారు చేస్తున్నాను. చుట్టూ ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, అది వాటి నుంచి దిబ్బల 3డీ మోడల్ కడుతుంది. ఆ ఫొటోలు మబ్బు పట్టిన రోజు తీయండి. ఎండలో తీస్తే నీడలు మోడల్‌కి అతుక్కుపోతాయి. ప్రతి ఫొటోలో ముందుదాని భాగం సగానికి పైగా మళ్లీ కనబడాలి. గోడల మీదకి మాత్రం ఎక్కకండి, ఆ మట్టి కాలు పెడితేనే రాలిపోతుంది. గాలికి ఊగే జీడిమామిడి ఆకులు సాఫ్ట్‌వేర్‌కి చిక్కవు, ముద్దలుగా వస్తాయి. వాటిని తీసేసి, చెట్లను వెలుగు చుక్కలతో విడిగా కట్టండి. ‘ఓస్మోస్’ చెట్టూ అచ్చం చెట్టులా ఉండదు, లోపలి దాకా కనిపిస్తుంది. నాకైతే అదే నిజమైన చెట్టుకి దగ్గరగా అనిపిస్తుంది.

ఇక ఊపిరిని కొలిచే బెల్టు. సాగదీస్తే కరెంటు నిరోధం మారే రబ్బరు తాడు దొరుకుతుంది. దాన్ని పక్కటెముకల చుట్టూ కట్టి, ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో చదివి, వీఆర్ లోకాన్ని నడిపే యూనిటీ సాఫ్ట్‌వేర్‌కి పంపండి. ఒక్కొక్కరి ఊపిరి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మొదటి అరనిమిషం ఏమీ కదిలించకుండా వాళ్ల ఊపిరి ఎక్కువ తక్కువలు కొలవండి. రీడింగ్ వణుకుతోందని మరీ నునుపు చేయకండి. అలా చేస్తే ఊపిరికీ కదలికకీ మధ్య ఆలస్యం పెరుగుతుంది, ఒళ్లు నమ్మదు. వేగం నెమ్మదిగానే ఉంచండి. కళ్లు కదిలామంటుంటే లోపలి చెవి లేదంటుంది, వికారం పుట్టేది అక్కడే.

మన వైజాగ్ ఉక్కపోతకి బెల్టు జారుతుంది, హెడ్‌సెట్ అద్దాలకి ఆవిరి పడుతుంది. ఎదురుగా ఫ్యాన్ పెట్టండి, ఆ గాలి దిబ్బల మీద గాలిలాగా కూడా పనికొస్తుంది. తల తిరిగే అలవాటున్నవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలకే ఆపేయండి.